ఏ కెమెరా కొనాలె, గల్లీల ఎట్ల తియ్యాలె: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ప్రశ్నలు ఎక్కువ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల మీద, రోడ్డు మీద ఫోటోలు తీసుడు మీదనే వచ్చినయ్. ఒక్కటి మాత్రం కెమెరా లేని మనిషి దగ్గర్నుంచి వచ్చింది, ఫోటోలు తీసేటోళ్లందరు అది తప్పకుండ చదవాలె.

ప్రశ్న: అన్నా, నేను ప్రైవేట్ జాబ్ చేస్త. ఇన్ని రోజులు ఫోన్లనే తీస్తున్న. ఆదివారం పొద్దున వరంగల్ చౌరస్తా, మండి బజార్, స్టేషన్ రోడ్డు దిక్కు తిరుక్కుంట ఫోటోలు తియ్యాలని మస్తు ఇష్టం. 70 వేల దాకా పెడ్త. యూట్యూబ్ల చూస్తే ఒకరు ఫుల్ ఫ్రేమ్ లేకుంటే దండగ అంటరు, ఇంకొకరు ఫ్యూజీ తప్ప ఏదీ వద్దంటరు. ఏది కొనాలె?
ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: తమ్ముడూ, ముందు ఫుల్ ఫ్రేమ్ ముచ్చట తెంపేద్దాం. సెన్సార్ అంటే కెమెరా లోపల వెలుగుని పట్టే పలక. ఫుల్ ఫ్రేమ్ అంటే అది 36 బై 24 మిల్లీమీటర్లు, ఏపీఎస్-సీ అంటే దాదాపు 23.5 బై 15.6, మైక్రో ఫోర్ థర్డ్స్ ఇంకా చిన్నది, 17.3 బై 13. సెన్సార్ పెద్దగుంటే చీకట్ల గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) తక్కువొస్తది, బ్యాక్‌గ్రౌండ్ ఎక్కువ బ్లర్ అయితది, అది నిజమే. కాని గల్లీల తీసే ఫోటోకి వెనుకున్నదే సగం బలం, దుకాణం బోర్డు, మెట్ల మీద కూసున్న పెద్దాయన, పైన వేలాడే కరెంటు తీగలు ఇవన్నీ కనపడాలనే గదా మనం రోడ్డెక్కేది, వాటిని బ్లర్ చేసుకునేదానికి ఎక్కువ పైసలు పెట్టుడెందుకు. పైగా ఫుల్ ఫ్రేమ్‌కి మంచి లెన్సులు కొనాలంటే బరువూ ఎక్కువే, రేటూ ఎక్కువే. నీ పనికి ఏపీఎస్-సీ కరెక్టు.

రెండోది, వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) ఉన్నదే కొను, ఈ విషయంల నేను గట్టిగ చెప్త. ఎండాకాలం మన దగ్గర పొద్దున తొమ్మిది దాటితే వెనుక స్క్రీన్ మీద ఏం కనపడదు, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేలోపు ముందున్న మనిషి పోనే పోతడు. సోనీ జెడ్‌వీ-ఈ10, నికాన్ జెడ్30 మంచి కెమెరాలే, కాని అవి వీడియోలు చేసేటోళ్ల కోసం వచ్చినయ్, వాటికి వ్యూఫైండర్ లేదు. షాపుల ఏసీల నిలబడి చూస్తే ఆ తేడా తెల్వదు, బయటికొస్తే తెలుస్తది. మిర్రర్‌లెస్‌ల వ్యూఫైండర్ లోపల కూడా చిన్న స్క్రీనే ఉంటది కాబట్టి క్లిక్ కొట్టకముందే ఫోటో ఎంత డార్క్ వస్తదో, ఎక్కడ తెల్లగ పేలిపోతదో కనపడ్తది. పాత డీఎస్ఎల్ఆర్‌ల అద్దంల నుంచి చూస్తే ఇది దొరకదు. మండి బజార్ల ఒక పక్క దుకాణాల నీడ, ఇంకో పక్క మండే ఎండ ఉన్నప్పుడు ఇదొక్కటే నిన్ను కాపాడుతది.

నీ బడ్జెట్ల చూడాల్సినయి మూడు. కెనాన్ ఆర్50, 2023ల వచ్చింది, బ్యాటరీ కార్డుతో కలిపి 375 గ్రాములే. నికాన్ జెడ్50, 2019ది, చేతిల పట్టు మంచిగుంటది, సెకండ్ హ్యాండ్ల వెతుకు. దీని రెండో వెర్షన్ 2024ల వచ్చింది, ఆఫర్ల నీ బడ్జెట్ దగ్గరికొస్తే అసలు ఆలోచించకు. సోనీ ఏ6400 కూడా 2019దే, ఆటోఫోకస్ ఇప్పటికీ గట్టిగ పనిచేస్తది, వేరే కంపెనీల లెన్సులు కూడా దీనికి కుప్పలు కుప్పలు దొరుకుతయ్. ఈ కెమెరాలల్ల దేనికీ బాడీల స్టెబిలైజేషన్ లేదు. దానికి రంది పడకు, స్టెబిలైజేషన్ నీ చెయ్యి వణుకుడుని ఆపుతది గాని రోడ్డు దాటే మనిషిని ఆపదు, ఆయనను ఆపాలంటే షట్టర్ స్పీడే పెంచాలె, అంటే షట్టర్ తెరుచుకుని ఉండే టైము తగ్గించాలె.

నన్నడిగితే కొత్తది కావాలంటే ఆర్50, దాని మీదికి ఆర్ఎఫ్ 28 ఎంఎం ఎఫ్2.8 లెన్స్. అది 120 గ్రాముల బరువున్న సన్నటి లెన్స్, కెనాన్ ఏపీఎస్-సీ మీద దాదాపు ఫుల్ ఫ్రేమ్ మీది 45 ఎంఎం లెన్స్ లెక్క చూపిస్తది. ఫ్రాన్స్ ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్-బ్రెసాన్ జీవితమంతా ఎక్కువ శాతం లైకా కెమెరా మీద 50 ఎంఎం లెన్స్‌తోనే పని చేసిండు, అంటే ఆ చూపు రోడ్డుకి ఎప్పుడో సరిపోయింది. కిట్ లెన్స్‌తో (కెమెరాతో కలిపి ఇచ్చే మామూలు జూమ్) వచ్చే ప్యాక్ తీసుకున్నా తప్పు లేదు, కాని ఈ చిన్న లెన్స్‌కి పైసలు పక్కకు పెట్టి మిగిలినదాంట్ల బాడీ చూస్కో.

ఫ్యూజీ సంగతి అడిగినవ్. కలర్లు నిజంగనే బాగుంటయ్, పైన డయల్స్ తిప్పుకుంట తీస్తుంటే మస్తు అనిపిస్తది, నాకు కూడా ఇష్టమే. కాని అందరు చెప్పే ఎక్స్100 సిక్స్ నీ బడ్జెట్‌కి రెండింతలు దాటుతది. పాత ఎక్స్-టీ30 రెండో వెర్షన్ సెకండ్ హ్యాండ్ల మంచి కండిషన్ల దొరికితే తీస్కో, దొరకకుంటే దాని కోసం ఏడాది ఎదురుచూసుడు మాత్రం వద్దు. ఆ ఏడాది ఆర్50తో తిరిగితే నీ దగ్గర ఏడాది ఫోటోలుంటయ్.

షాపుకి పోయినప్పుడు ఒక పని చెయ్. కెమెరా చేతిల పట్టుకుని కండ్లు మూసుకుని ఆన్ చెయ్, ఎక్స్‌పోజర్ డయల్ తిప్పు, ఫోకస్ బటన్ నొక్కు. వేళ్లకు అందినయా లేదా చూడు. రోడ్డు మీద నీ కండ్లు మనుషుల మీదుండాలె, బటన్ల మీద కాదు.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్న. మా అన్నయ్య నికాన్ జెడ్50, 16-50 కిట్ లెన్స్ ఇచ్చిండు. కెమెరా తీసేలోపే అందరు నా దిక్కే చూస్తరు, కొందరు ఫోజు పెడ్తరు, కొందరు మొఖం తిప్పుకుంటరు. ఫోకస్ అయ్యేలోపు అంతా అయిపోతది. 50-250 జూమ్ కొంటే దూరం నుంచి తియ్యొచ్చు గదా?
ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: చెల్లె, ఆ జూమ్ కొనకు. అది మంచి లెన్సే, పిట్టలకూ ఆటలకూ పనికొస్తది, కాని రోడ్డుకు అవతల నిలబడి పొడుగు లెన్స్ మనిషి మీద పెడితే ఆ మనిషికి ఇంకా భయమైతది, దొంగతనంగ తీస్తున్నవని అనుకుంటరు. ఫోటోల కూడా ఆ దూరం తెలుస్తది. దగ్గరుండి తీసిన ఫోటోల చూసేటోళ్లు కూడా ఆడనే నిలబడ్డట్టు ఉంటది.

నీ దగ్గరున్న లెన్స్‌నే 24 దగ్గర పెట్టి కొన్ని వారాలు అక్కడ్నుంచి కదపకు. జెడ్50 మీద అది ఫుల్ ఫ్రేమ్ లెక్కల 36 ఎంఎం అయితది, మన కండ్ల ముందు గల్లీ ఎంత పడ్తదో సుమారు అంత. ఇప్పుడు ఫోకస్ కష్టానికి జోన్ ఫోకస్ అని పాత పద్ధతి ఒకటుంది. అపెర్చర్ (లెన్స్ లోపల వెలుగొచ్చే కన్నం) ఎఫ్8 పెట్టు. నీ నుంచి మూడు నాలుగు అడుగులేస్తే అందేంత దూరంల, అంటే సుమారు రెండున్నర మీటర్లల్ల నేల మీద ఏదన్న గీత చూసి ఆటోఫోకస్ చెయ్, చేసినంక మాన్యువల్ ఫోకస్‌కి మార్చెయ్. గంతే, ఇప్పుడు సుమారు ఒకటిన్నర మీటర్ నుంచి 8 మీటర్ల దాకా ఏమొచ్చినా షార్ప్‌గనే ఉంటది, కెమెరా ఫోకస్ వెతుక్కునే పనే లేదు, నొక్కంగనే క్లిక్ పడ్తది. ఒక్క జాగ్రత్త, మిర్రర్‌లెస్ లెన్సులు చాలా వరకు కెమెరా ఆఫ్ చేస్తే పెట్టిన ఫోకస్‌ని మర్చిపోతయ్, కాబట్టి ఆన్ చేసినప్పుడల్లా మళ్ల పెట్టుకోవాలె. జూమ్ రింగు కదిలినా అంతే.

షట్టర్ పొద్దటిపూట 1/250 సెకను కన్నా తగ్గొద్దు, బండ్లు పోయే రోడ్డైతే 1/500. ఆటో ఐఎస్ఓల (ఐఎస్ఓ అంటే చీకట్ల ఫోటోని ఎంత వెలుగుగ చెయ్యాల్నో ఆ లెక్క) మినిమమ్ షట్టర్ అని ఒక ఆప్షన్ ఉంటది, అందుల 1/250 పెట్టి ఐఎస్ఓ 6400 దాకా ఇడిసిపెట్టు. కొంచెం గ్రెయిన్ వస్తే ఏం కాదు, ఊగిపోయిన ఫోటోని మాత్రం ఎవ్వరు బాగు చెయ్యలేరు. సైలెంట్ మోడ్ పెడితే చప్పుడు కూడా రాదు, గుడి లోపల, క్లాసుల పనికొస్తది. రోడ్డు మీద స్పీడుగ పోయే బండ్లకు మాత్రం అది వద్దు, సెన్సార్ మీదినుంచి కిందికి వరసగ చదువుకుంట పోతది కాబట్టి బండి ఆకారం వంకరైతది.

ఇంక అందరు నీ దిక్కు చూసుడు గురించి. నువ్వు నడుచుకుంట పోయి ఆగి కెమెరా లేపితే అందరు చూస్తరు, అది ఎవరికైనా అంతే. ముందు ఒక మంచి జాగ దొరకబట్టి అక్కడ్నే నిలబడు. ఖిలా వరంగల్ పో. కోట అంటే అందరు తోరణాల కాడనే ఫోటో దిగి వస్తరు గాని ఆ గోడల లోపల ఊరుంది, ఇండ్లున్నయ్, రాతి దర్వాజల నుంచి రోడ్డే పోతది, ఆటోలు పోతయ్, పాల క్యాన్లు పెట్టుకున్న బండ్లు పోతయ్. పొద్దున ఎండ ఏటవాలుగ పడ్డప్పుడు దర్వాజ లోపల నల్లటి నీడ, బయట పసుపు వెలుగు ఉంటది. ఆ వెలుగు అంచు మీద ఫోకస్ పెట్టుకుని గోడకు ఆనుకుని నిలబడు. ముందు నిన్ను చూస్తరు, అర్ధగంటైతే నువ్వు కూడా ఆ గోడల ఒక రాయివే, ఎవ్వరు పట్టించుకోరు. మనుషులు వాళ్లంతట వాళ్లే వెలుగులకొస్తరు. పెద్దమ్మ ఎవరన్న ఏం తీస్తున్నవ్ బిడ్డా అని అడిగితే చూపియ్యి, మాట్లాడు. అట్ల మాట్లాడినంక వచ్చే ఫోటోలే ఎక్కువసార్లు మంచిగొస్తయ్. స్టాండు మాత్రం తీస్కపోకు, పురావస్తు శాఖ చేతిలున్న కట్టడాల కాడ ట్రైపాడ్‌కి ముందే పర్మిషన్ ఉండాలె.

లెన్స్ కొనాలనే అనిపిస్తే జెడ్ డీఎక్స్ 24 ఎంఎం ఎఫ్1.7 చూడు, 135 గ్రాములు, సాయంత్రం వెలుగు పోయినంక కూడా పనికొస్తది.

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర, మిర్చి వేస్తం. ఏనుమాముల మార్కెట్‌కి మాల్ తీస్కపోయినప్పుడల్లా కెమెరా తీస్కపోత. మిర్చి కుప్పలు ఎప్పుడు తీసినా ఎర్ర రంగు పూసినట్టు ముద్దగ వస్తయ్, ఒక్క కాయ కూడా విడిగ కనపడదు. హిస్టోగ్రామ్ (ఫోటోల వెలుగు ఎట్లుందో చూపే గ్రాఫ్) చూస్తే మంచిగనే ఉంటది. కెమెరా పాడైందా?
ఒక రైతుబిడ్డ

జవాబు: కెమెరా మంచిగనే ఉంది. ఇంత మంచి ప్రశ్న వచ్చినందుకు నిజంగ సంతోషమైంది, ఎందుకంటే ఇది మన మార్కెట్ల తిరిగినోళ్లకే వచ్చే సమస్య.

కెమెరా ప్రతి ఫోటోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చానెళ్లల్ల రాసుకుంటది. మామూలుగ కనపడే తెల్ల హిస్టోగ్రామ్ ఈ మూడిటిని కలిపి చూపిస్తది, అందుల ఆకుపచ్చకు ఎక్కువ బరువు ఉంటది, ఎరుపుకు తక్కువ. ఎండల మిర్చి కుప్ప అంటే ఫ్రేమంతా ఎరుపే. ఎరుపు చానెల్ ఎప్పుడో పైకి తగిలి ఆగిపోయి ఉంటది, మిగతా రెండు కిందనే ఉంటయ్ కాబట్టి తెల్ల హిస్టోగ్రామ్ అంతా బాగుందనే చూపిస్తది. ఎరుపు ఒకసారి నిండిపోయినంక కాయకూ కాయకూ మధ్యల తేడా ఉండదు, ముడతలు పోతయ్, తొడిమె దగ్గర మెరుపు పోతది, మిగిలేది నువ్వు చెప్పిన ఎర్ర ముద్ద.

మెనూల ఆర్జీబీ హిస్టోగ్రామ్ ఆన్ చేస్కో, మూడు విడివిడిగ కనపడ్తయ్. ఎరుపు గీత కుడి గోడకు ఆనకుండ ఎక్స్‌పోజర్ తగ్గించు, మిర్చి మీద మైనస్ ముప్పావు నుంచి మైనస్ ఒకటి స్టాప్ దాకా పడుతది (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమైతది). పిక్చర్ స్టైల్ వివిడ్ల ఉంటే తీసెయ్, న్యూట్రల్ల పెట్టు, వివిడ్ ఎరుపుని ఇంకా పెంచుతది. రా ఫైల్ల (సెన్సార్ పట్టింది పట్టినట్టే దాచే ఫైలు) తీస్తే ఇంకా మంచిది, జేపీజీల పోయినట్టు కనపడ్డ ఎరుపు రాల చాలాసార్లు మిగిలే ఉంటది. చపాటా మిర్చికైతే ఇంకో అర స్టాప్ జాగ్రత్త, ఆ రంగు అసలే ముదురు, ఆ మిర్చికే గదా 2025ల జీఐ (ఫలానా ప్రాంతం సరుకు అని ఇచ్చే) గుర్తింపు వచ్చింది. ఎండ నెత్తి మీదికొచ్చినంక ఎంత తగ్గించినా కాయల నీడలు రావు, పొద్దు పొద్దున వేలం మొదలుకాకముందు ఏటవాలు ఎండ ఉన్నప్పుడే తియ్, అప్పుడు ఒక్కొక్క కాయ కింద సన్నటి నీడ పడి కుప్ప అంతా విడివిడిగ కనపడ్తది.

అదే యార్డుల పత్తి తీస్తే పద్ధతి మొత్తం ఉల్టా. ఫ్రేమంతా తెల్లగుంటే కెమెరా దాన్ని మధ్యరకం వెలుగని అనుకుని తగ్గిస్తది, పత్తి బూడిద రంగుల వస్తది. అక్కడ ప్లస్ ముప్పావు, ప్లస్ ఒకటి పెట్టు. ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి పోతున్నప్పుడే వేలితోని డయల్ తిప్పుకుంట పోవాలె.

మిర్చి యార్డుల లెన్స్ మాత్రం మార్చకు. ఆ ఘాటు దుమ్ము మనకే ఊపిరాడనియ్యదు, మిర్రర్‌లెస్‌ల లెన్స్ తీస్తే చాలా మోడళ్లల్ల సెన్సార్ నేరుగ బయటికే ఉంటది. ఏ లెన్స్ కావాల్నో ఇంటి కాడనే పెట్టుకుని రా. ఇంకొక మాట, హమాలీలు బస్తా వీపు మీదేసుకుని వస్తుంటే దారికి అడ్డం నిలబడొద్దు, వాళ్లు ఆగలేరు. పక్కకు జరిగి తియ్. నువ్వు మాల్ తెచ్చినోనివి, కాంటా కాడ ఎదురుచూసుడు ఎట్లుంటదో నీకు తెలుసు, రేటు చెప్పినప్పుడు రైతు మొఖం ఎట్ల మారుతదో బయటినుంచొచ్చిన ఏ ఫోటోగ్రాఫర్ కన్నా నీకే ముందు తెలుస్తది. కుప్పలు చాలు, ఆ మొఖాలు తియ్యి తమ్ముడూ.

ప్రశ్న: రాత్రిపూట దుకాణాల ముంగట తీస్తే ఫోటోల అడ్డం చారలు వస్తున్నయ్. సెన్సార్ పోయిందా?
ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పోలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నడిచే చాలా లైట్లు సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గుతయ్ పెరుగుతయ్, కంటికి తెల్వదు గాని సెన్సార్‌కి తెలుస్తది. సైలెంట్ మోడ్, అంటే ఎలక్ట్రానిక్ షట్టర్ల ఉంటే చారలు ఎక్కువొస్తయ్. ముందు మెకానికల్ షట్టర్‌కి మార్చు. షట్టర్ స్పీడ్ 1/100 లేదా 1/50 పెట్టు. మెనూల యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చెయ్. టవర్ సర్కిల్ దిక్కు ఉరికే అక్షరాల ఎల్ఈడీ బోర్డులు మాత్రం వేరే స్పీడుల మినుకుతయ్, వాటికి 1/100 కూడా ఒక్కోసారి చాలదు, ఇంకా తగ్గించి గోడకో స్తంభానికో ఆనుకుని తియ్. 1/50ల నడిచే మనుషులు కొంచెం ఊగుతరు, ఆగినోళ్లను తీస్తే సరి, చాయ్ బండి కాడ ఆగినోళ్లకు కొదువ లేదు.

ప్రశ్న: నాకు కెమెరా లేదు, ఫోటోగ్రఫీ తెల్వదు. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట కాడ ఆడుతుంటే ఎవరో నా ఫోటో దగ్గర్నుంచి తీసి ఇన్‌స్టాల పెట్టిండ్రు. ఫోటో తప్పుగ ఏం లేదు, కాని నన్నెవరు అడగలేదు. కింద కామెంట్లు చూసి మస్తు బాధైంది. మీరు అందరికి తియ్యమని చెప్తరు గదా, మా సంగతేంది?
ఒక గృహిణి, హన్మకొండ

జవాబు: అక్కా, మీరడిగింది న్యాయమైన మాట. ముందు మీరు చేసుకోవాల్సింది చెప్త. ఆ పోస్ట్ స్క్రీన్‌షాట్, లింకు దాచిపెట్టుకోండ్రి. పెట్టినోళ్లకు మెసేజ్ చేసి తీసెయ్యమని అడగండ్రి, చాలామంది తీసేస్తరు. తియ్యకుంటే యాప్‌లనే రిపోర్ట్ ఆప్షన్ ఉంటది. కామెంట్లల్ల బూతులున్నా, ఫోటోని మార్చి పెట్టినా ఊకోకండ్రి, ఆడోళ్ల రక్షణ కోసం ఉన్న పోలీసు షీ టీమ్స్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు, మన రాష్ట్రంల 2014ల అవి మొదలైనయ్, ఆ స్క్రీన్‌షాట్లే అక్కడ పనికొస్తయ్.

ఇంక ఫోటోలు తీసేటోళ్లకు. పండుగ నాడు గుంపును తీసుడు వేరు, గుంపుల నుంచి ఒక్క మొఖాన్ని లాగి తీసుడు వేరు. వందల మంది చప్పట్లు కొట్టుకుంట తిరుగుతుంటే ఆ చుట్టు తియ్యి, పూల వరసలు తియ్యి, చెరువుల పోతున్న బతుకమ్మల్ని తియ్యి, ఎవ్వరు ఏమనరు. ఒక్క మనిషి మొఖం ఫ్రేమ్ నిండా తియ్యాలంటే కండ్లు కలుపు, కెమెరా చూపియ్యి, తలూపితేనే తియ్. ఆమె చెయ్యి అడ్డం పెడితే కెమెరా దించు, దించి నమస్తే పెట్టు. నెట్ల పెట్టాలంటే ఇంకోసారి అడుగు, తియ్యనిచ్చినోళ్లు పెట్టుకోనిస్తరని లేదు. పిల్లల ఫోటోలైతే తల్లినో తండ్రినో అడగనిది పెట్టనే పెట్టొద్దు. పెట్టినంక కింద కామెంట్లు చూసుకునే బాధ్యత కూడా మనదే, చెడ్డ కామెంట్ వస్తే అదే గంటల తీసెయ్యాలె, ఆమె వచ్చి అడిగే దాకా ఆగొద్దు.

వరంగల్లనే పుట్టిన భరత్ భూషణ్ గారు తెలంగాణ పల్లెల బతుకుని, బతుకమ్మని ఏండ్ల తరబడి ఫోటోలు తీసి 2022ల పోయిండ్రు. ఆ ఫోటోలు వెతికి చూడండ్రి. అందుల ఆడోళ్లు ఎవరో దొంగచాటుగ చూస్తున్నట్టు ఉండరు, తెలిసిన మనిషి ముంగట ఉన్నట్టు ఉంటరు. ఏ మోడల్ కెమెరా కొన్నా అది దాంతోపాటు రాదు, మనుషుల మధ్యల మెదిలితేనే వస్తది.

అక్కా, మీ ఫోటో ఇంకా తియ్యకుంటే మళ్ల రాయండ్రి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ల ఏ6400 ఒకటి దొరికింది. ఏం చూసి తీసుకోవాలె? మా దిక్కు బొగ్గు దుమ్ము ఎక్కువ, అది కూడా చెప్పండ్రి.
ఒక సింగరేణి కార్మికుడు, గోదావరిఖని

జవాబు: అన్నా, అపెర్చర్ ఎఫ్16 పెట్టి తెల్లగోడనో ఆకాశాన్నో ఒక ఫోటో తియ్యి, స్క్రీన్ల జూమ్ చేసి మూల మూల చూడు. మెత్తటి నల్ల చుక్కలుంటే సెన్సార్ మీద దుమ్ము, అది తుడిపిస్తే పోతది. గీత లెక్క ఉంటే గీసుకపోయిందన్నట్టు, తీస్కోకు. లెన్స్ మూత పెట్టి పది సెకన్ల ఫోటో తీస్తే ఎర్రగనో తెల్లగనో మెరిసే చుక్కలు బయటపడ్తయ్, ఒకటి రెండుంటే ఫర్వాలేదు. లెన్స్‌ల ఫోన్ టార్చ్ కొట్టి వెనుక నుంచి చూడు, సాలెగూడు లెక్క పొరలుంటే ఫంగస్, ఎంత తక్కువకిచ్చినా వద్దను. షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని క్లిక్‌లు కొట్టిండ్రో) అడుగు, ఒరిజినల్ బిల్లు అడుగు, బిల్లు మీది నంబరూ బాడీ కింది నంబరూ ఒకటేనా చూడు. బయటి దేశం నుంచి తెచ్చిన పీసైతే ఇక్కడ కంపెనీ వారంటీ పనిచెయ్యకపోవచ్చు.

బొగ్గు దుమ్ముకి ఒకటే ఉపాయం, బయట లెన్స్ తియ్యకు. మార్చక తప్పకుంటే కెమెరా ఆఫ్ చేసి, నోరు కిందికి పెట్టి, బట్ట చాటున మార్చు. గాలి కొట్టే రబ్బరు బుడ్డి ఒకటి కొని పెట్టుకో, నోటితోని ఊదకు, ఉమ్మి పడ్తది. బ్యాగుని వారానికొకసారి బోర్లేసి దులుపు, సగం దుమ్ము ఆడ్నుంచే వస్తది. బ్యాటరీ ఇంకొకటి కూడా తీస్కో.